న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ప్యోంగ్‌యాంగ్ పర్యటన (2008)

న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ప్యోంగ్‌యాంగ్ పర్యటన అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం 2008 ఫిబ్రవరి 25 నుండి 27 వరకు ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్‌యాంగ్‌లో జరిపిన సంగీత పర్యటన. ఇందులో ప్రధాన కచేరీ ఫిబ్రవరి 26 సాయంత్రం తూర్పు ప్యోంగ్‌యాంగ్ మహా రంగశాలలో జరిగింది. బృందానికి అప్పటి సంగీత దర్శకుడు లోరిన్ మాజెల్ నాయకత్వం వహించారు. పర్యటన ఏర్పాట్ల బాధ్యతను బృందం అధ్యక్షుడు, ముంబైలో జన్మించిన జరీన్ మెహతా నిర్వహించారు. అమెరికాకు చెందిన ఒక పెద్ద సింఫనీ వాద్యబృందం ఉత్తర కొరియాలో కచేరీ చేయడం అదే మొదటిసారి.

రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు లేవు. 1950-53 నాటి కొరియా యుద్ధం యుద్ధ విరమణతో ఆగిందే కాని శాంతి సంధితో ముగియలేదు. ఇటువంటి స్థితిలో బృందం ప్యోంగ్‌యాంగ్‌లో గడిపిన కాలం సుమారు 48 గంటలు మాత్రమే. ఆ 48 గంటల కొరకు ఆరు నెలలకు పైగా సంప్రదింపులు జరిగాయి. కచేరీని ఎవరు వినాలి, ఏ కృతులు వాయించాలి, ఎవరెవరు దేశంలోకి రావచ్చు, ఏ జాతీయ గీతం వినిపించాలి అన్న విషయాలు ముందుగానే ఒక్కొక్కటిగా తేల్చుకోవలసి వచ్చింది. అందువలన ఈ పర్యటనను సంగీత చరిత్రలోనే గాక, విదేశీ పర్యటనల నిర్వహణకు సంబంధించిన చర్చలలో కూడా తరచుగా ఉదాహరిస్తుంటారు.

నేపథ్యం

న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ 1842లో స్థాపించబడింది. అమెరికాలోని సింఫనీ వాద్యబృందాలలో ఇదే అత్యంత పురాతనమైనది. పాశ్చాత్య సింఫనీ బృందం మన కర్ణాటక సంగీత కచేరీ బృందం వంటిది కాదు. కర్ణాటక కచేరీకి గాయకుడు, వయొలిన్, మృదంగం, తంబురా, అవసరమైతే ఘటం లేదా కంజీర ఉంటే సరిపోతుంది. వారందరూ ఒకే వాహనంలో ప్రయాణం చేయగలరు. సింఫనీ బృందంలో నూరుగురికి పైగా వాద్యకారులు ఉంటారు. డబుల్ బాస్, హార్ప్, టింపనీ వంటి పెద్ద వాద్యాలను ప్రత్యేకమైన పెట్టెలలో భద్రపరచి తీసుకొని వెళ్ళాలి. ప్రతి వాద్యకారునికి స్వరలిపి ప్రతి ఉండాలి. అందరికీ సరిపోయేంత వేదిక, దానికి తగిన ధ్వని లక్షణాలు ఉండాలి. కావున ఇటువంటి బృందం ఏ దేశానికి వెళ్ళాలన్నా సాధారణంగా రెండు మూడు సంవత్సరాల ముందుగానే ప్రణాళిక సిద్ధం చేసుకొంటుంది. ప్యోంగ్‌యాంగ్ పర్యటనకు ఆ వ్యవధి లభించలేదు.

రాజకీయంగా కూడా అది సున్నితమైన సమయం. ఉత్తర కొరియా 2006 అక్టోబరు 9న తన మొదటి అణు పరీక్ష జరిపింది. తరువాత ఉభయ కొరియాలు, అమెరికా, చైనా, జపాన్, రష్యా పాల్గొన్న ఆరు పక్షాల చర్చలలో 2007 ఫిబ్రవరి 13న ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం అదే సంవత్సరం జులైలో యోంగ్‌బ్యోన్ అణు రియాక్టరు మూసివేయబడింది. అయితే తన అణు కార్యక్రమాల పూర్తి వివరాలను 2007 డిసెంబరు 31లోగా ప్రకటించవలసిన ఉత్తర కొరియా ఆ గడువును పాటించలేదు. బృందం ప్యోంగ్‌యాంగ్ చేరే నాటికి చర్చలు ఈ విషయం వద్దనే నిలిచిపోయి ఉన్నాయి.

ఆహ్వానం

2007 ఆగస్టులో ఉత్తర కొరియా సాంస్కృతిక మంత్రిత్వ శాఖ తరఫున ఒక ఆహ్వానం న్యూయార్క్‌లోని బృంద కార్యాలయానికి ఫ్యాక్స్ ద్వారా అందింది. బృందం కోరకుండానే వచ్చిన ఈ పత్రాన్ని యథాతథంగా అంగీకరించడం గాని, తిరస్కరించడం గాని జరగలేదు. బృంద నిర్వాహకులు మొదట అమెరికా విదేశాంగ శాఖను సంప్రదించారు. ఆరు పక్షాల చర్చలలో అమెరికా ప్రధాన ప్రతినిధిగా ఉన్న సహాయ విదేశాంగ మంత్రి క్రిస్టొఫర్ హిల్ ఈ ఆలోచనను ప్రోత్సహించారు. అమెరికాలో ఉత్తర కొరియాకు రాయబార కార్యాలయం లేకపోవడంతో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి వద్ద ఉన్న ఆ దేశపు శాశ్వత ప్రతినిధి బృందం ద్వారా సంప్రదింపులు నడిచాయి.

బృందం ప్రభుత్వ సంస్థ కాదు. వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం దాని పాలకవర్గానిది. అయినా రెండు ప్రభుత్వాల అంగీకారం లేనిదే ఈ పర్యటన సాధ్యం కాదు. ఈ రెండింటి మధ్య సమతూకం పాటించడమే నిర్వాహకులకు మొదటి పరీక్ష అయింది.

జరీన్ మెహతా పాత్ర

జరీన్ మెహతా 1938లో బొంబాయిలోని పార్శీ కుటుంబంలో జన్మించారు. ఆయన తండ్రి మెహలీ మెహతా బొంబాయి సింఫనీ వాద్యబృందాన్ని స్థాపించిన వయొలిన్ విద్వాంసుడు. అన్న జుబిన్ మెహతా 1978 నుండి 1991 వరకు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌కే సంగీత దర్శకుడుగా పనిచేశారు. జరీన్ మెహతా మాత్రం చార్టర్డ్ అకౌంటెంటుగా శిక్షణ పొంది, కెనడాలోని మాంట్రియల్ సింఫనీ బృందానికి, తరువాత అమెరికాలోని రవీనియా సంగీతోత్సవానికి నిర్వాహకుడుగా పేరు తెచ్చుకొన్నారు. 2000లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో చేరి, 2012 వరకు అక్కడ కొనసాగారు. సంగీత కుటుంబంలో పుట్టి, లెక్కల వృత్తిలో పెరిగిన ఆయన అనుభవం ఈ పర్యటనకు బాగా ఉపకరించింది.

ముందస్తు పరిశీలన

2007 అక్టోబరులో మెహతా మరియు బృందానికి చెందిన ఇతర అధికారులు ప్యోంగ్‌యాంగ్ వెళ్ళి స్వయంగా పరిస్థితులను పరిశీలించారు. ఏ విదేశీ పర్యటనకైనా ఇటువంటి పరిశీలన ముఖ్యమైన దశ. వేదిక కొలతలు, ధ్వని, తెర వెనుక వాద్యాలు ఉంచుకొనే స్థలం, విద్యుత్ సరఫరా, విమానాశ్రయం నుండి రంగశాలకు సామాను చేర్చే మార్గం, బస, భోజనం, వైద్య సదుపాయం మొదలైనవి కాగితం మీద చదివి తెలుసుకొనేవి కావు. ఉత్తర కొరియా విషయంలో ఈ పరిశీలనకు మరొక ప్రయోజనం కూడా ఉంది. ఆహ్వానించినవారు ఏయే విషయాలలో రాజీ పడగలరో, ఏవి వారికి అంగీకారం కావో ముఖాముఖిగా తెలుసుకొనే అవకాశం కలిగింది.

తూర్పు ప్యోంగ్‌యాంగ్ మహా రంగశాల 1989లో ప్రారంభమైంది. అది ప్రధానంగా నృత్య నాటకాలకు, భారీ ప్రదర్శనలకు అనువైన రంగస్థలం. ఇటువంటి రంగస్థలాలలో ధ్వని పైకి, ప్రక్కలకు చెదరిపోయి ప్రేక్షకులకు స్పష్టంగా చేరదు. అందువలన వాద్యకారుల వెనుక, ప్రక్కల, పైన ధ్వనిని సభవైపు త్రిప్పే గోడల వంటి నిర్మాణం అవసరమైంది. బృందం కోరిక మేరకు కచేరీ నాటికి దానిని ఏర్పాటు చేశారు.

షరతులు

ఆహ్వానాన్ని అంగీకరించడానికి బృందం కొన్ని షరతులు పెట్టింది. వాటిలో ముఖ్యమైనవి:

* కచేరీని ఉత్తర కొరియా అంతటా ప్రసారం చేయాలి. రంగశాలలో కూర్చొనే కొద్దిమంది ఉన్నత వర్గాలవారికే సంగీతం పరిమితం కారాదు.
* విదేశీ పాత్రికేయులను దేశంలోకి అనుమతించాలి.
* బృందంలోని కొరియా సంతతికి చెందిన ఎనిమిది మంది వాద్యకారులకు ఎటువంటి ఇబ్బందీ కలిగించరాదు.
* రంగశాలలో ధ్వనికి అవసరమైన మార్పులు చేయాలి.
* అమెరికా జాతీయ గీతాన్ని వాయించడానికి అంగీకరించాలి.

ఈ షరతులలో ప్రతి ఒక్కదానికీ కారణం ఉంది. మొదటిది అన్నింటికంటే కీలకమైనది. రాజధానిలోని రంగశాలకు రాగలిగేది ప్రభుత్వం ఎంపిక చేసినవారు మాత్రమే అని అందరికీ తెలుసు. ప్రసారం లేకపోతే ఈ కచేరీ ఏలినవారి వినోదంగా మిగిలిపోతుందన్న విమర్శకు సమాధానం ఉండదు. మూడవ షరతు కూడా మానవ సంబంధమైనదే. కొరియా యుద్ధం వలన లక్షలాది కుటుంబాలు రెండుగా చీలిపోయాయి. దక్షిణ కొరియా నుండి అమెరికాకు వలస వెళ్ళిన కుటుంబాలలో ఉత్తరాది మూలాలు కలవారు అనేకులు. కొరియా సంతతి వాద్యకారులను వేరుగా చూస్తే బృందం మొత్తం వెళ్ళదన్న సూచన ఈ షరతులో కనిపిస్తుంది.

అమెరికా వ్యతిరేకతను దశాబ్దాలుగా బోధిస్తున్న దేశంలో అమెరికా జాతీయ గీతం వాయించడం మామూలు విషయం కాదు. అయినా బృందం విదేశాలలో రెండు దేశాల గీతాలను వాయించే మర్యాదను పాటించదలచింది. ఉత్తర కొరియా అన్ని షరతులకు అంగీకరించింది.

2007 డిసెంబరు 11న న్యూయార్క్‌లోని ఎవరీ ఫిషర్ హాలులో (2015 నుండి దీని పేరు డేవిడ్ గెఫెన్ హాలు) మెహతా, ఐక్యరాజ్య సమితిలో ఉత్తర కొరియా రాయబారి పాక్ గిల్-యోన్ కలిసి పర్యటనను ప్రకటించారు. ఆ సందర్భంలో క్రిస్టొఫర్ హిల్ బృంద సభ్యులతో మాట్లాడి, పర్యటన ఉద్దేశ్యాన్ని వివరించారు. వాయించవలసినవారు వాద్యకారులే గనుక, వారి సందేహాలు తీర్చడం కూడా ప్రణాళికలో భాగమయింది.

కార్యక్రమ రూపకల్పన

కచేరీలో వాయించిన కృతులు ఈ క్రమంలో ఉన్నాయి:

* ఉత్తర కొరియా జాతీయ గీతం
* అమెరికా జాతీయ గీతం
* వాగ్నర్ సంగీత నాటకం "లోహెన్‌గ్రిన్" మూడవ అంకపు ఆరంభ సంగీతం
* ద్వోర్జాక్ తొమ్మిదవ సింఫనీ ("నూతన ప్రపంచం నుండి")
* గెర్ష్విన్ రచన "పారిస్‌లో ఒక అమెరికన్"
* ముగింపు తరువాత అదనంగా: బిజె "లార్లెజియెన్" నుండి ఫారందోల్, బెర్న్‌స్టీన్ "కాండీడ్" ఆరంభ సంగీతం, కొరియా జానపద గీతం "అరిరంగ్"

ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. చెక్ దేశీయుడైన ద్వోర్జాక్ అమెరికాలో నివసించిన కాలంలో రచించిన తొమ్మిదవ సింఫనీని మొదటిసారి 1893 డిసెంబరు 16న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో వాయించినది ఈ బృందమే. గెర్ష్విన్ కృతి తొలి ప్రదర్శన కూడా 1928 డిసెంబరు 13న ఈ బృందం చేతనే జరిగింది. అనగా, బృందం తన సొంత చరిత్రనూ, తన నగర సంగీతాన్నీ వెంట తీసుకొని వెళ్ళింది. అదే సమయంలో ఈ కృతులలో రాజకీయ నినాదాలకు గాని, ఆతిథ్య దేశాన్ని నొప్పించే భావాలకు గాని తావు లేదు. ద్వోర్జాక్ పరాయి దేశంలో ఉంటూ వ్రాసిన సంగీతం, గెర్ష్విన్ పరాయి నగరంలో తిరిగే మనిషిని గురించి వ్రాసిన సంగీతం అతిథులుగా వెళ్ళినవారికి తగినవే.

లియొనార్డ్ బెర్న్‌స్టీన్ 1958 నుండి 1969 వరకు ఈ బృందానికి సంగీత దర్శకుడు. ఆయన 1990లో మరణించిన తరువాత, ఆయన స్మృత్యర్థం "కాండీడ్" ఆరంభ సంగీతాన్ని కండక్టరు లేకుండా వాయించడం బృందానికి ఆచారమైంది. ప్యోంగ్‌యాంగ్‌లో కూడా మాజెల్ వేదిక దిగి వెళ్ళగా వాద్యకారులు తమంతట తామే దానిని వాయించారు.

చివరి పాట "అరిరంగ్" ఉభయ కొరియాల ప్రజలకు సమానంగా ప్రియమైనది. తెలుగువారికి జానపద గీతాలు ఎంత ఆత్మీయమో కొరియన్లకు ఈ పాట అంతకంటే ఎక్కువ. దేశం రెండుగా చీలక పూర్వం నుండి ఉన్న ఈ పాట ఏ ఒక్క ప్రభుత్వానికీ చెందినది కాదు. బృందం దీనికి ఉత్తర కొరియా స్వరకర్త చోయ్ సంగ్-హ్వాన్ కూర్చిన రూపాన్ని ఎంచుకొంది.

ప్రయాణ ఏర్పాట్లు, వ్యయం

ఆహ్వానం అందేనాటికి బృందం 2008 ఫిబ్రవరిలో తైపీ, కావోసియుంగ్, హాంగ్‌కాంగ్, షాంఘై, బీజింగ్ నగరాలలో పర్యటన నిశ్చయించుకొని ఉంది. ప్యోంగ్‌యాంగ్ కచేరీని ఆ పర్యటన చివర చేర్చారు. న్యూయార్క్ నుండి ప్రత్యేకంగా బయలుదేరవలసిన అవసరం లేకపోవడం వలన వ్యయం, శ్రమ రెండూ తగ్గాయి. ప్యోంగ్‌యాంగ్ వెంటనే దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో కూడా కచేరీ ఏర్పాటు చేశారు. ఒక కొరియాకు వెళ్ళి రెండవదానిని విస్మరించినట్లు కాకుండా ఈ జాగ్రత్త తీసుకొన్నారు.

బీజింగ్ నుండి ప్యోంగ్‌యాంగ్‌కు దక్షిణ కొరియాకు చెందిన ఏషియానా సంస్థ వారి బోయింగ్ 747 విమానాన్ని ప్రత్యేకంగా మాట్లాడుకొన్నారు. వాద్యకారులు, సిబ్బంది, దాతలు, పాత్రికేయులు కలిసి దాదాపు 300 మంది ప్రయాణించారు. వారిలో పాత్రికేయులే సుమారు 80 మంది. ఇంత పెద్ద అమెరికన్ బృందం కొరియా యుద్ధం తరువాత ఆ దేశంలో అడుగుపెట్టలేదు.

పర్యటన ఖర్చులో గణనీయమైన భాగాన్ని వెనిస్‌లో నివసించిన జపాన్ దేశీయురాలు యోకో నగాయె చెస్కీనా భరించారు. స్వయంగా హార్ప్ వాద్యకారిణి అయిన ఆమె అనేక సంగీత సంస్థలకు దాతగా ప్రసిద్ధురాలు. టెలివిజన్ ప్రసార ఏర్పాట్లలో దక్షిణ కొరియాకు చెందిన ఎం.బి.సి. సంస్థ ప్రధాన పాత్ర వహించింది. ఆ విధంగా అమెరికా బృందం, జపాన్‌లో పుట్టిన దాత, దక్షిణ కొరియా విమానం, దక్షిణ కొరియా ప్రసార సంస్థ కలిస్తేనే ఉత్తర కొరియాలో ఒక సాయంత్రపు కచేరీ సాధ్యమయింది.

విమర్శలు

పర్యటన వార్త వెలువడినప్పటి నుండి అమెరికాలో వాదోపవాదాలు జరిగాయి. ఉత్తర కొరియాలో రాజకీయ ఖైదీల శిబిరాలు ఉన్నాయి. 1990లలో సంభవించిన కరవులో లక్షలాది ప్రజలు మరణించారు. అటువంటి ప్రభుత్వం ఆహ్వానిస్తే వెళ్ళడం దానికి గౌరవం కల్పించినట్లే అవుతుందని విమర్శకులు అన్నారు. కళా విమర్శకుడు టెరీ టీచౌట్ వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో ఈ అభిప్రాయాన్ని తీవ్రంగా వ్యక్తం చేశారు. ప్రశ్న సంగీతాన్ని గురించినది కాదనీ, దానిని ఎవరు వాడుకొంటారన్నదే ప్రశ్న అనీ ఈ పక్షం వారి వాదన సారాంశం.

మాజెల్ అదే పత్రికలో తమ నిర్ణయాన్ని సమర్థించుకొంటూ వ్యాసం వ్రాశారు. ప్రజల మధ్య సంబంధాలకు కళలు మార్గం తెరుస్తాయని ఆయన వాదం. అయితే అమెరికా నిర్బంధంలో ఉన్న ఖైదీల విషయాన్ని ప్రస్తావిస్తూ, ఇతరులను నిందించే ముందు మనల్ని మనం చూసుకోవాలన్న అర్థంలో ఆయన చేసిన వ్యాఖ్యలు కొత్త విమర్శలకు దారితీశాయి.

అమెరికా ప్రభుత్వం కూడా పర్యటనను ప్రోత్సహిస్తూనే దానికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వకుండా జాగ్రత్త పడింది. ద్వోర్జాక్ సంగీతం విన్నంత మాత్రాన ఉత్తర కొరియాలో ఏదో జరిగిపోతుందని అతిగా ఆశించరాదని విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ అభిప్రాయపడ్డారు. దక్షిణ కొరియా నూతన అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ ప్రమాణ స్వీకారానికి ఫిబ్రవరి 25న ఆమె సియోల్ వచ్చారు. అదే రోజున బృందం ప్యోంగ్‌యాంగ్ చేరింది. కాని ఆమె కచేరీకి వెళ్ళలేదు.

పర్యటన క్రమం

ఫిబ్రవరి 25: బృందం ప్యోంగ్‌యాంగ్ విమానాశ్రయంలో దిగింది. తేడోంగ్ నది మధ్యనున్న ద్వీపంలోని యాంగక్‌డో హోటలులో బస ఏర్పాటయింది. విలేకరులకు అంతర్జాతీయ దూరవాణి మరియు అంతర్జాల సౌకర్యాలు కల్పించారు. ఆ దేశంలో ఇది అరుదైన విషయం. సాయంత్రం అతిథుల గౌరవార్థం సంప్రదాయ నృత్య సంగీత ప్రదర్శన, విందు జరిగాయి.

ఫిబ్రవరి 26: సాయంత్రం ప్రధాన కచేరీ జరిగింది. వేదికకు రెండు వైపులా రెండు దేశాల జెండాలు నిలబెట్టారు. పురుషులు ముదురు రంగు దుస్తులలో, స్త్రీలు పలువురు సంప్రదాయ కొరియన్ వస్త్రాలలో వచ్చారు. రెండు జాతీయ గీతాలకూ సభ యావత్తూ లేచి నిలబడింది. అమెరికా మాజీ రక్షణ మంత్రి విలియం పెరీ సభకు హాజరయ్యారు. ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్-ఇల్ మాత్రం రాలేదు. గెర్ష్విన్ కృతిని పరిచయం చేస్తూ మాజెల్, ఏదో ఒకనాడు ఎవరైనా స్వరకర్త "ప్యోంగ్‌యాంగ్‌లో అమెరికన్లు" అనే కృతిని రచించవచ్చునని చమత్కరించారు. మొదట నిశ్చలంగా కూర్చొని విన్న శ్రోతలు "అరిరంగ్" ముగిసిన తరువాత చాలాసేపు నిలబడి చప్పట్లు కొట్టారు. వేదిక దిగుతున్న వాద్యకారులు చేతులు ఊపగా, సభలోనివారు కూడా తిరిగి చేతులు ఊపారు. వాద్యకారులలో కొందరు కంటతడి పెట్టుకొన్నారు.

ఫిబ్రవరి 27: మోరాన్‌బాంగ్ రంగశాలలో ఉభయ దేశాల వాద్యకారులు కలిసి మెండెల్సన్ అష్టకాన్ని వాయించారు. ఎనిమిది తంత్రీవాద్యాలకు వ్రాసిన ఈ కృతిలో ఇరుపక్షాలవారూ ప్రక్క ప్రక్కన కూర్చొనక తప్పదు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా స్వరలిపి ఇద్దరికీ తెలిసినదే. మాజెల్ ఉత్తర కొరియా రాజ్య సింఫనీ బృందం చేత వాగ్నర్, చైకోవ్‌స్కీ కృతులను సాధన చేయించారు. అనంతరం బృందం నేరుగా సియోల్‌కు బయలుదేరి, ఫిబ్రవరి 28న అక్కడ కచేరీ చేసింది.

ప్రసారం

షరతు ప్రకారం ఉత్తర కొరియా ప్రభుత్వ టెలివిజన్ మరియు రేడియో కచేరీని ప్రత్యక్షంగా ప్రసారం చేశాయి. అమెరికా జాతీయ గీతం ఆ దేశపు ప్రభుత్వ ప్రసారంలో పూర్తిగా వినిపించింది. విద్యుత్ కొరత తీవ్రంగా ఉన్న దేశంలో ఈ ప్రసారం గ్రామాల వరకు ఎంతమందికి చేరి ఉంటుందన్నది వేరే ప్రశ్న. అయినా మాట ఇచ్చిన మేరకు ప్రసారం జరిగిందన్నది గుర్తించవలసిన విషయం. దక్షిణ కొరియాలో ఎం.బి.సి., అమెరికాలో పి.బి.ఎస్. కూడా కచేరీని ప్రసారం చేశాయి. తరువాత ఇది ఒక డాక్యుమెంటరీతో కలిపి డి.వి.డి.గా విడుదలయింది.

ఫలితాలు

పర్యటన జరిగిన నాలుగు నెలలకు, 2008 జూన్ 27న, ఉత్తర కొరియా యోంగ్‌బ్యోన్ అణు కేంద్రపు శీతలీకరణ గోపురాన్ని కూల్చివేసింది. అక్టోబరు 11న అమెరికా ఆ దేశాన్ని ఉగ్రవాదానికి మద్దతిచ్చే దేశాల జాబితా నుండి తొలగించింది. అయితే ఇవి చర్చల ఫలితాలే గాని కచేరీ ఫలితాలు అనడానికి ఆధారం లేదు. 2008 డిసెంబరు నాటికి చర్చలు ఆగిపోయాయి. 2009 మే 25న ఉత్తర కొరియా రెండవ అణు పరీక్ష జరిపింది. కిమ్ జోంగ్-ఇల్ 2011 డిసెంబరు 17న మరణించారు. 2017 సెప్టెంబరు 1 నుండి, ప్రత్యేక అనుమతి లేకుండా అమెరికా పాస్‌పోర్టుతో ఉత్తర కొరియాకు ప్రయాణించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో ఆ దేశాన్ని అమెరికా మళ్ళీ ఉగ్రవాద మద్దతుదారుల జాబితాలో చేర్చింది.

ఉత్తర కొరియా వాద్యబృందం అమెరికాకు తిరుగు పర్యటన చేయవచ్చునన్న ఆశ నెరవేరలేదు. అయితే 2012 మార్చిలో ఉత్తర కొరియాకు చెందిన ఉన్హాసు వాద్యబృందం పారిస్‌లో, దక్షిణ కొరియాలో జన్మించిన కండక్టరు చుంగ్ మ్యుంగ్-హున్ నాయకత్వంలో, ఫ్రెంచి రేడియో బృందంతో కలిసి కచేరీ చేసింది.

పై సంఘటనలను బట్టి ఈ పర్యటన రాజకీయంగా విఫలమయిందని కొందరు, సంగీతం మీద అంత బరువు మోపడమే సరికాదని మరికొందరు భావిస్తారు. షరతుల దృష్టితో చూస్తే బృందం కోరినవన్నీ అమలయ్యాయి. రంగశాలలోని ధ్వని నిర్మాణం, ప్రత్యక్ష ప్రసారం, పాత్రికేయుల ప్రవేశం, కొరియా సంతతి వాద్యకారుల భద్రత, జాతీయ గీతం ఇవన్నీ ముందుగా వ్రాసుకొన్నవే. వ్రాసుకోనిది, ఏ ఒప్పందంతోనూ రాబట్టలేనిది సభికులు చేతులు ఊపడం.

ఇతర పర్యటనలతో పోలిక

శత్రు దేశాలుగా భావించబడిన చోట్లకు అమెరికా వాద్యబృందాలు వెళ్ళడం కొత్త కాదు. 1956లో బోస్టన్ సింఫనీ బృందం సోవియట్ యూనియన్‌లో పర్యటించింది. 1959లో బెర్న్‌స్టీన్ నాయకత్వంలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ పది వారాలలో 17 దేశాలలో 50 కచేరీలు చేసింది. వాటిలో మాస్కో, లెనిన్‌గ్రాడ్, కీవ్ నగరాలు ఉన్నాయి. ప్యోంగ్‌యాంగ్ పర్యటనను సమర్థించినవారు ఎక్కువగా ఉదాహరించినది దీనినే.

1973 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా వాద్యబృందం యూజీన్ ఆర్మండీ నాయకత్వంలో చైనా వెళ్ళింది. అక్కడికి చేరిన తరువాత, మావో భార్య జియాంగ్ చింగ్ కోరిక మేరకు బీథోవెన్ ఐదవ సింఫనీకి బదులు ఆరవ సింఫనీ వాయించవలసి వచ్చింది. దాని స్వరలిపి ప్రతులు బృందం వెంట లేకపోవడంతో చైనాలోనే సమకూర్చుకొన్నారు. కార్యక్రమాన్ని ముందుగానే ఖాయం చేసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

1984లో జుబిన్ మెహతా నాయకత్వంలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆసియా పర్యటన జరిపింది. అందులో భారతదేశం కూడా ఉంది. ఆ పర్యటనలో భాగమైన మలేషియా ప్రభుత్వం, యూదు సంగీతానికి సంబంధించినదన్న కారణంతో ఎర్నెస్ట్ బ్లాక్ రచన "షెలోమో"ను తొలగించాలని పట్టుబట్టింది. చివరకు బృందం మలేషియా యాత్రనే రద్దు చేసుకొంది.

2009లో అదే బృందం అలన్ గిల్బర్ట్ నాయకత్వంలో అక్టోబరులో వియత్నాం రాజధాని హనోయిలో మొదటిసారి కచేరీ చేసింది. ఆ నెలాఖరున క్యూబా రాజధాని హవానాకు వెళ్ళవలసి ఉండగా ఆ యాత్ర ఆగిపోయింది. ఖర్చు భరిస్తున్న దాతలు బృందంతో కలిసి ప్రయాణించడానికి అమెరికా ఆర్థిక శాఖ అనుమతి ఇవ్వలేదు. వాద్యకారులకు అనుమతి లభించినా, దాతలు లేనిదే ధనం లేదు. ప్యోంగ్‌యాంగ్‌లో సాధ్యమైనది అమెరికా తీరానికి అతి సమీపంలోని హవానాలో సాధ్యం కాకపోవడానికి కారణం సంగీతం కాదు, దూరం కాదు, కేవలం ఒక అనుమతి పత్రం.

తదనంతరం

లోరిన్ మాజెల్ 2009లో సంగీత దర్శకత్వ బాధ్యత నుండి విరమించి, 2014 జులై 13న మరణించారు. యోకో నగాయె చెస్కీనా 2015 జనవరిలో కన్నుమూశారు. 2008 తరువాత న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఉత్తర కొరియాలో మళ్ళీ కచేరీ చేయలేదు.